సోనాపూర్ గోడ మీద లేని పేరు

దుబాయ్ గురించి రాయండి అని అడిగేవాళ్ళంతా ఎడారి సఫారీ గురించే అడుగుతారు. ఒంటె ఎక్కారా, ఇసుక దిబ్బల మీద జీపు దొర్లిందా అని. ఎక్కాను, దొర్లింది, నడుం పట్టేసింది. అంతకు మించి రాయడానికేమీ లేదు. పోయిన శుక్రవారం నేను వెళ్ళింది సోనాపూర్‌కి. పర్యాటకులకు అమ్మే మ్యాపుల్లో ఆ పేరు వెతక్కండి. దుబాయ్ మేడలన్నీ కట్టే కూలీలు ఉండే క్యాంపులవి. అక్కడ మన తెలుగువాళ్ళు బాల్ బాడ్మింటన్ ఆడతారు. పసుపుపచ్చ ఉన్ని బంతి, గట్ తీగలు అల్లిన చెక్క బ్యాటు, జట్టుకి అయిదుగురు. మన ఊళ్ళ హైస్కూలు మైదానాల్లో మీరూ చూసే ఉంటారు. క్యాంపు పక్కన మల్లయ్య నడిపే మెస్సు ఉంది. దాని పెరటి గోడ మీద, ఆడి మానేసిన గొప్ప ఆటగాళ్ళ పేర్లు నీలం రంగుతో రాస్తారు. ఏడాదికి ఒక్కటే పేరు. అది ఎవరిదో తేల్చడానికి ఎండలు ముదరకముందే ఓ శుక్రవారం పంచాయితీ పెడతారు.

నేను అబూధాబీకి మారకముందు, దుబాయ్‌లో కొత్తగా దిగిన రోజుల్లో ఆ క్యాంపు వాళ్ళ కంపెనీలోనే టైమ్‌కీపర్‌ని. శుక్రవారాలు వాళ్ళతో ఆడేవాడిని. మధ్యలో సెంటర్ నేను, నా వెనకాల బ్యాక్ నర్సన్న. జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగ్ పని, నాకంటే పెద్దవాడు. అప్పుడు ముందు వరసలో ఆడిన సూరిబాబు ఇప్పుడు కంపెనీ పికప్ నడుపుతున్నాడు. బుధవారం ఆఫీసుకి ఫోను చేసింది అతనే.

"ఏవండోయ్ మూర్తిగారూ! నర్సన్న వీసా క్యాన్సిల్ పెట్టేసుకున్నాడండి, ఊరెళ్ళిపోతున్నాడు. మంగళవారం ఫ్లైటు. శుక్రవారం గోడ పంచాయితీ. ఆయన తరఫున మాట్లాడ్డానికి మీరు రావాలండి."

"నువ్వు మాట్లాడొచ్చుగా?"

"ఆయనకి పోటీ యాదగిరండి, నేను అతని తరఫునండి, ఆయ్. నర్సన్నని తిట్టేది నేనే."

అదీ ఆనవాయితీ. పొగిడేవాడు ఒకడుంటే కాదనేవాడు ఒకడుండాలి, ఎంత స్నేహమున్నా సరే. ఇంకో నియమం, మనిషి ఎదురుగా కూర్చుని ఉండాలి. ఊరికి వెళ్ళిపోయినవాడి పేరు గోడ ఎక్కదు. అంటే ఈ శుక్రవారం తప్పితే నర్సన్న పేరు ఇంకెప్పటికీ ఎక్కదన్నమాట. ఆ మాట వినగానే నాకు ఊపొచ్చేసింది. మా ఆవిడ శుక్రవారానికి ఎవరింటికో భోజనానికి వెళ్దామని ఒప్పుకుని ఉంది. ఆ గొడవ ఇక్కడ రాయను.

అబూధాబీ నుంచి వెళ్ళేవాళ్ళు పొద్దున్నే బస్టాండుకి చేరండి. శుక్రవారం జనం తక్కువని ఎవరైనా చెబితే నమ్మకండి. అందరికీ సెలవు ఆ రోజే, అందరికీ చుట్టాలు దుబాయ్‌లోనే. పదిహేను దిర్హములు టికెట్టు, రెండు గంటల దారి, గుబైబా బస్టాండులో దింపుతారు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డు. దిర్హము ఇచ్చి అబ్రా అనే చెక్కపడవ ఎక్కితే డేరా వైపు దింపుతాడు. పడవలో నా చేతిలో గుడ్డసంచీ, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన బ్యాటు పిడి. పక్కన కూర్చున్న మలయాళీ పెద్దాయన దాన్ని వీణ అనుకున్నాడో ఏమో, జాగ్రత్తగా పక్కకు జరిగాడు. ఆ బ్యాటు అబూధాబీకి వచ్చినప్పటి నుంచి బీరువా మీదే ఉంది. ఎందుకు తీసుకెళ్తున్నానో నాకే తెలియదు, ఒట్టి చేతులతో వెళ్ళబుద్ధి కాలేదు.

డేరాలో గోల్డ్ సూక్ బస్టాండు నుంచి సోనాపూర్‌కి చవగ్గా బస్సుంది, కానీ నా కళ్ళ ముందే తలుపు మూసుకుని వెళ్ళిపోయింది. టాక్సీ ఎక్కాను. పఠాన్ డ్రైవరు అద్దంలోంచి నా ఇస్త్రీ చొక్కా చూసి అడిగాడు. "సోనాపూర్ మే క్యా కామ్ హై, సాబ్?"

"ఖేల్నే జా రహా హూఁ."

ఆడడానికి అనేసరికి నా పొట్ట చూసి పెద్దగా నవ్వాడు. కాసేపయ్యాక తనే చెప్పాడు. "హమ్ భీ పెషావర్ మే వాలీబాల్ ఖేల్తా థా. బహుత్ అచ్ఛా ఖేల్తా థా."

"ఔర్ అబ్?"

"అబ్ టాక్సీ," అన్నాడు. ఆ తర్వాత దారిలో మళ్ళీ నవ్వలేదు. దిగేటప్పుడు మాత్రం సంచీ వైపు వేలు చూపించి "అచ్ఛా ఖేల్నా" అన్నాడు.

మల్లయ్య మెస్సు రేకుల షెడ్డు. నాలుగు బల్లలు, గోడకి ఓ క్యాలెండరు, పెరట్లో వేపచెట్టంటూ ఏమీ లేదు, నీళ్ళ ట్యాంకు నీడే నీడ. శుక్రవారం కోడికూర, పప్పుచారు, ఎంత తింటే అంత అన్నం. అయిదు దిర్హములకి దుబాయ్‌లో ఇంత తృప్తి ఇంకెక్కడా దొరకదు. నర్సన్న నన్ను చూడగానే లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. జుట్టు నెరిసింది, ఎడమ మోకాలు కొంచెం ఈడుస్తున్నాడు. "ఏం తమ్మీ, మంచిగ లావైనవ్. చెల్లె మస్తుగ పెడుతున్నట్టున్నది," అన్నాడు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ గొంతు. అన్నం కలుపుతుంటే కళ్ళు చెమర్చాయి, కారం ఎక్కువైందని మల్లయ్య మీదికి నెట్టేశాను.

భోజనాలయ్యాక బల్లలు జరిపి అందరూ పెరట్లో గోడకి ఎదురుగా కూర్చున్నారు. మల్లయ్య గరిటె పట్టుకునే నిలబడ్డాడు. అతనే ఇక్కడ పెద్దమనిషి. "రెండు పేర్లొచ్చినయ్. యాదగిరి, నర్సన్న. ముందుగాల యాదగిరి దిక్కు చెప్పుండ్రి," అన్నాడు.

సూరిబాబు లేచాడు. "ఆటంటే చూడ్డానికి బాగుండాలండి. యాదగిరి కట్ కొడితే బంతి నెట్టు దాటి అక్కడే చతికిలబడిపోయేది. షార్జా జట్టువాళ్ళు బోర్లా పడేవారండి, బోర్లా! మరి నర్సన్న ఏం చేశాడండి? వెనకాల నిలబడి వచ్చిందల్లా తిరిగి పంపించాడు. ఆ మాత్రం పోస్ట్‌మాన్ కూడా చేస్తాడు."

అందరూ గొల్లుమన్నారు. నర్సన్న కూడా నవ్వాడు. యాదగిరి సిగ్గుపడి తల దించుకున్నాడు.

నా వంతు వచ్చింది. "ఒరే సూరిబాబూ, నువ్వు ముందు నిలబడి ఫోజులు కొట్టావంటే వెనకాల ఎవరున్నారని?" అన్నాను. "ఇక్కడి సాయంత్రం గాలి మీకు తెలియనిదా? సముద్రం తేమకి ఉన్ని తడిసి బంతి రాయవుతుంది, మరుసటి వారం గాలికి దూదిపింజలా పక్కకు పోతుంది. ఏ రోజు ఎలా వస్తుందో దేవుడికే తెలియదు. షార్జా వాళ్ళతో ఆటలో చివరి పాయింటు గుర్తుందా? బంతి బయటికి పోతోంది, వదిలెయ్ వదిలెయ్ అని నేను అరుస్తూనే ఉన్నాను. నర్సన్న వదల్లేదు. గాలి దాన్ని లోపలికి లాగేసింది. నా మాట విని ఉంటే ఆరోజు ఓడిపోయేవాళ్ళం. యాదగిరి కట్ మనకి పాయింట్లు తెచ్చింది, కాదనను. ఆట చేజారిపోకుండా కాసింది మాత్రం ఈయన."

"నిజమే," అన్నారు నలుగురైదుగురు. ఆ మాటకి యాదగిరి కూడా తల ఊపాడు.

సూరిబాబు తేలిగ్గా వదిలే రకం కాదు. "సరేనండి, గొప్పోడే. కానీ ఈ గోడ మానేసినవాళ్ళదండి. ఈయన మానేశాడని ఎవరు చెప్పారు? మోకాలు పోయి రెండేళ్ళుగా కోర్టు తొక్కలేదు గానీ, బ్యాటుకి కొత్త గట్ వేయించుకుంటూనే ఉన్నాడు. పిడికి గుడ్డ మారుస్తూనే ఉన్నాడు. అదేం మానెయ్యడమండి?"

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. గెలుపు చేతికందేలా ఉందన్న హుషారులో ప్లీడరు అవతారం ఎత్తేశాను. "ఏం మాటలవి? ఆ మోకాలు చూడు. మెట్లెక్కడానికే గోడ పట్టుకుంటున్నాడు. ఈ వయసులో ఊరెళ్ళి పొలం పని చూసుకుంటాడు గానీ, కుర్రాళ్ళతో బంతాట ఆడతాడా? ఎవరు రమ్మంటారు? అలవాటు కొద్దీ గట్ వేయించుకున్నాడంతే. నర్సన్న ఆట అయిపోయింది. అందులో అనుమానమే లేదు," అన్నాను.

మల్లయ్య చేతులెత్తమన్నాడు. దాదాపు అందరూ ఎత్తారు. ఎదురు వాదించిన సూరిబాబు రెండు చేతులూ ఎత్తాడు. గోడ మీద పేర్లు రాసే పెయింటరు నీలం డబ్బా మూత తీశాడు. ఇంక మిగిలింది ఒక్కటే. గెలిచినవాడు తన బ్యాటు బల్ల మీద పెట్టి, "నా ఆట ఖలాస్" అని అందరి ముందూ అనాలి. ఆ బ్యాటు తర్వాతివాళ్ళకి పోతుంది, పేరు గోడ ఎక్కుతుంది.

నర్సన్న బ్యాటు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. పెట్టలేదు. గట్ మీద బొటనవేలితో మీటాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"తమ్మీ, మస్తు మాట్లాడినవ్. నువ్వు చెప్పిన దాంట్ల ఒక్క అబద్ధం లేదు. గని నేను గా మాట అన."

"అదేంటి నర్సన్నా! అందరూ ఒప్పుకున్నాక?"

"మా ఊర్ల అయిదుగురం ఆడేటోల్లం. ఈడికి వచ్చేటప్పుడు వాల్లకు చెప్పొచ్చిన. బ్యాకుల నా జాగల ఎవన్ని పెట్టకుండ్రి, రెండేండ్లల్ల వస్త అని. రెండేండ్లు, ఇంకో రెండేండ్లు అనుకుంట గిన్నేండ్లాయె. పైన సలాకలు కాలుతున్నా, బస్సుల కూసుంటే నిద్ర పట్టకున్నా, గా జాగనే యాది చేసుకున్న. గీత గీసి ఉంటది, నేను దాని మీద నిలబడత. గంతే. ఇప్పుడు ఈడ ఆట ఖలాస్ అని చెప్పి పోతే, నేను ఆడికి దేనికి పోతున్నట్టు?"

ఆయన పేరు నిలబెడుతున్నాననుకుంటూ, ఇన్నేళ్ళూ ఆయన్ని నిలబెట్టినదాన్నే అయిపోయిందని నలుగురిలో రుజువు చేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మల్లయ్య మెల్లగా అడిగాడు. "మరి గోడ ఏం జేద్దామే?"

"గోడ మంచిగున్నది. ఉండనియ్యుండ్రి. పేరు ఈడ పెట్టి మనిషి ఆడికి పోతే సగమే పోయినట్టు. నేను మొత్తం పోత."

యాదగిరి పేరు రాయమని ఎవరో అన్నారు. యాదగిరి లేచి, "నర్సన్న వద్దన్న జాగ నాకేమొద్దు, పైయేడు చూద్దాం," అన్నాడు. పెయింటరు డబ్బా మూత పెట్టేశాడు. సూరిబాబు ముక్కు తుడుచుకుంటూ అరిచాడు. "ఏంటండీ ఈ పెళ్ళిచూపులు! యల్లా, పదండి, ఎండ తగ్గింది, నెట్టు కట్టండి!"

నెట్టు కట్టారు. నేను ఇస్త్రీ చొక్కా విప్పి బనీనుతో సెంటర్లో నిలబడ్డాను. నర్సన్న నా వెనకాల, తన చోటుకి పోయి, చెప్పులు విడిచి, మడమతో ఇసుక మీద ఓ గీత గీసుకున్నాడు. మొదటి బంతి ఆయన్ని దాటి పోయింది. రెండోదీ పోయింది. మూడో బంతి నా తల మీదుగా ఎత్తుగా వెళ్ళింది. బయటికి పోతుందనే అనిపించింది. వదిలెయ్ అని నేను అరవలేదు. వెనక్కి కూడా తిరగలేదు. కాసేపటికి వెనకాల గట్ మీద ఉన్ని తగిలిన చప్పుడు వినపడింది. బంతి మళ్ళీ నా తల మీదుగా నెట్టు అవతలికి వెళ్ళింది. ఆ ఒక్క చప్పుడు కోసమే ఇంత దూరం వచ్చానని నాకు అప్పుడు తెలిసింది.

పొద్దు వాలకముందే సూరిబాబు పికప్‌లో డేరాలో దింపాడు. అబ్రాలో తిరిగి వస్తుంటే చేతులు నొప్పి, గోళ్ళ నిండా ఇసుక, గుండెల్లో ఏదో వెలితి. మంగళవారం నర్సన్న వెళ్ళిపోయాడు. ఇంకా ఫోను రాలేదు. వాళ్ళ ఊళ్ళో ఆ మైదానం ఉందో లేదో, ఆ నలుగురూ ఉన్నారో లేదో నాకు తెలియదు. ఈయన మోకాలు చూసి కుర్రాళ్ళు పక్కన కూర్చోబెడతారేమో. అడగాలంటే భయంగా ఉంది. మనమంతా ఇక్కడ ఏదో ఒక చోటుని గుర్తు చేసుకుంటూనే బతుకుతున్నాం. దాన్ని ఎవరైనా అయిపోయిందని తేల్చేస్తే, టికెట్టు చేతిలో ఉన్నా పోవడానికి చోటుండదు. ఆ గోడ మీద ఈ ఏడాది చోటు తెల్లగానే ఉంది. వెళ్ళినవాళ్ళు చూడండి. నాకు మాత్రం అన్నిటికంటే ముందు కనిపించేది అదే.

ఇక పనికొచ్చే మాట ఒక్కటి. ఉన్ని బంతులు ఇక్కడ ఏ బజార్లోనూ దొరకవు. ఊరి నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో ఆవకాయ సీసా పక్కన ఓ రెండు బంతులు వేసుకోండి. తేమ తగలకుండా పాలిథిన్ కవర్లో చుట్టి మల్లయ్య చేతికివ్వండి, భోజనానికి డబ్బులు తీసుకోడు. మీరూ ఆడేవారా అని తప్పకుండా అడుగుతాడు. నా ఆట చూసినవాడే అయినా నన్నూ అడిగాడు. ఆడేవాడినని అనబోయి ఆగి, ఆడతానని చెప్పి వచ్చాను.