పిన్ని కాల్చిన గౌను

మా పిన్నిది ఇస్త్రీ దుకాణం. రెండు బల్లలు, మూడు ఇస్త్రీ పెట్టెలు, గోడకు వరుసగా మేకులు, మేకులకు హ్యాంగర్లు, హ్యాంగర్లకు చుట్టుపక్కల వాళ్లందరి పరువు. ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంటే నాలాంటివాడు కూడా ఏదో పెద్ద పదవిలో ఉన్నట్టు కనిపిస్తాడు. నోరు విప్పాకే అసలు సంగతి బయటపడుతుంది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వెన్ను. ఆ వరుస తప్పదు. కొత్తరకం గుడ్డ వస్తే ముందు లోపలి అంచు మీద పెట్టె ఆనించి చూసిగానీ పైకి రాదు. దుకాణం తెరిచిన రోజు గోడ మీద ఒక మాట రాయించింది: 'ఇంతవరకు ఒక్క గుడ్డ కాల్చలేదు.' ఆ మాట అబద్ధమైపోయి తొమ్మిదేళ్లయిందని నాకు ఈ మధ్యే తెలిసింది.

పిన్నికి ఒక తోడికోడలు ఉంది. బాబాయి వాళ్ల అన్నయ్య భార్య. ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. ఇల్లు రెండు వీధుల అవతలే. అత్తగారు ఉండేదీ ఆ ఇంట్లోనే. తోడికోడళ్లిద్దరూ ఒకే చర్చికి వస్తారు, ఒకే పూజలో ఒకే పాటలు పాడతారు. మాటలు మాత్రం లేవు. పూజ మధ్యలో ఫాదర్ ఒకరికొకరు శాంతి కోరుకోమంటూ "ఒకరికొకరు సమాధానం చెప్పుకోండి" అంటారు కదా, అందరూ అటూ ఇటూ తిరిగి నవ్వుతూ చేతులు జోడిస్తారు. సరిగ్గా అప్పుడే మా పిన్ని చేతిరుమాలు కింద పడుతుంది. వెతకడానికి వంగుతుంది. లేచేసరికి సమాధానం అయిపోతుంది.

"ఇంట్లో అందరికంటే నీ చేతిరుమాలుకే భక్తి ఎక్కువ. ఒక్క ఆదివారం కూడా మోకరించకుండా ఉండదు" అనేవాడు బాబాయి.

ఆ నవ్వులాటలో మేమెవరం పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. పూజలో ఫాదర్ పంచే పవిత్ర అప్పం, అంటే సత్ప్రసాదం, తీసుకోవడం పిన్ని మానేసింది. వరసలోకి అందరూ లేస్తే తను కూర్చునే ఉండేది. అడిగితే కడుపు బాలేదనేది. వారం పొడుగునా రాళ్లయినా అరిగించుకునే మనిషికి ఆదివారం ఉదయమే కడుపు ఎందుకు పాడవుతుందో అడగాలని మాకెవరికీ తోచలేదు.

అసలు జరిగింది ఇదీ. పెద్దక్క కూతురు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండుగ నాటి మాట. పిల్లకు తెల్ల గౌను కుట్టించారు, పల్చటి నెట్ గుడ్డ. చర్చికి వెళ్లేముందు ఇస్త్రీకి పిన్ని దగ్గరికే వచ్చింది. దుకాణం పెట్టి అప్పటికి రెండు నెలలు. పిన్ని దళసరి నూలు దుప్పట్లు చేస్తూ చేస్తూ, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, అదే వేడి పెట్టెను అంచు మీదైనా ఆనించి చూడకుండా గౌను మీద పెట్టింది. ఎత్తేసరికి ముందు వైపు పెట్టె ముక్కంత మేర గోధుమరంగు మచ్చ, మధ్యలో చిల్లు.

ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆవిడ తలెత్తి గోడ మీది రాత చూసింది. "గుడ్డే నాసిరకం అక్కా, వేడి తగలగానే పోయింది" అంది.

అత్తగారు పెద్దక్కను నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. పిల్ల ఎవరిదో పాత గౌను పిన్నీసులు పెట్టుకుని వెళ్లింది. అంతటితో ఆగినా బాగుండేది. ఒకసారి ఆడిన అబద్ధాన్ని నిలబెట్టాలంటే దానికి రోజూ మేత వేయాలి. "మా అక్కకు చెయ్యి రాదండీ, పిల్ల గౌను దగ్గర కూడా పిసినారితనమే" అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ పిన్ని చెప్పింది. అది రెండు వీధులు దాటి పెద్దక్క చెవిన పడింది. ఆ రోజు నుంచి మాటలు బంద్.

ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పిన్ని వెళ్లకపోలేదు. ఏడాదికి రెండుసార్లు వెళ్లి కోప్పడ్డాను, విసుక్కున్నాను, పూజకు ఆలస్యమయ్యాను అని చెప్పి వచ్చేది. చెప్పాల్సిన తప్పు దాచుకుని సత్ప్రసాదం తీసుకోకూడదని తెలుసు కనుకే లేచేది కాదు. ఆవిడను చూసి నవ్వే అర్హత నాకూ లేదు. నేనొకసారి లోపలికి వెళ్లి "పోయినసారి చెప్పినవే ఫాదర్" అన్నాను. "నాకు గుర్తులేవు బాబూ, మళ్లీ మొదటి నుంచి చెప్పు" అన్నారాయన.

ఆ ఫాదరే, మా చర్చి బాధ్యత చూసే ముసలాయన, ఒక శనివారం మధ్యాహ్నం సంచి పట్టుకుని దుకాణానికి వచ్చారు. నలుగురైదుగురం ఉన్నాం. సంచిలోంచి పూజకు వేసుకునే తెల్లటి నిలువుటంగీ తీసి, బల్ల మీద పరిచి, వెన్ను మీద ఇంతేసి మచ్చను మా అందరికీ చూపించారు.

"ఇస్త్రీ ఎంతసేపు, మనమే చేసుకుందామనుకున్నానమ్మా. ఫోన్ మోగింది. పెట్టె దాని మీదే వదిలి వెళ్లాను. ఏమైనా మాసిక వేయగలవా?"

పక్కనున్న ఒకాయన మర్యాద కోసం, "గుడ్డ నాసిరకమేమో ఫాదర్" అన్నాడు.

"గుడ్డ బంగారం లాంటిది. నా బుద్ధే నాసిరకం" అని ఫాదర్ హాయిగా నవ్వారు.

అందరం నవ్వాం. పిన్ని నవ్వలేదు. ఆ అంగీని చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. సాయంత్రం నేను చొక్కాల కోసం వెళితే దుకాణం మూసి ఉంది. శనివారం సాయంత్రం మూయడం అదే మొదటిసారి. పిన్ని చర్చిలో, పాపసంకీర్తనం వరసలో, అందరికంటే చివర కూర్చుని ఉంది.

లోపల జరిగింది ఫాదర్ ఎవరికీ చెప్పరు, చెప్పకూడదు. పిన్నే నాకు చెప్పింది. ఈసారి ఆవిడ ఏ మడతా దాచకుండా అంతా చెప్పేసిందట. ఆయన మెల్లగా అడిగారట.

"తొమ్మిదేళ్లు మోశావా తల్లీ? చేతులు నొప్పి పుట్టలేదా?"

"దేవుడు క్షమిస్తాడా ఫాదర్?"

"నువ్వు లేచి బయల్దేరావు చూడు, అప్పుడే ఆయన నీకు ఎదురొచ్చాడు. ఇవ్వడానికి ఆయనకు ఆలస్యం ఎప్పుడూ లేదు. చెయ్యి చాపడానికి మనకే."

ఆయన పాపవిమోచనం పలికారు. ప్రాయశ్చిత్తంగా ఒక్క పరలోక జపం చెప్పమన్నారు. పిన్ని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే, "ఇంకొకటి. మీ అక్కకు తెచ్చిన చెడ్డపేరు నువ్వే తుడవాలి. ఇంటికి వెళ్లి చెప్పు" అన్నారు.

"పది జపమాలలు చెబుతాను ఫాదర్. ఆ ఇంటికి మాత్రం..."

"జపమాలలు మరియమ్మకు అందుతాయమ్మా. మీ అక్కకు అందవు."

సోమవారం దుకాణానికి సెలవు. "తోడు రారా, నోరు మాత్రం తెరవకు" అని పిన్ని నన్ను వెంటబెట్టుకుంది. గేటు దాకా చకచకా నడిచింది. గేటు దగ్గర మాత్రం, "ఇంట్లో లేరేమో, మళ్లీ వద్దాం" అంది. లోపల రేడియో మోగుతోంది. నేను బెల్లు కొట్టాను. ఆ ఒక్క పనికి నన్ను ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

పెద్దక్క పెరట్లో ఉందని అత్తగారు మంచం మీంచే చేత్తో చూపించింది. వెళ్లాం. తీగ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. పెద్దక్క మాకు వీపు పెట్టి నిలబడి క్లిప్పులు తీస్తోంది.

"అక్కా" అంది పిన్ని.

"గొంతు గుర్తుందిలే. చెప్పు."

"గౌను నేనే కాల్చాను. గుడ్డ మంచిదే. పెట్టె వేడి చూసుకోలేదు."

"తెలుసు."

పిన్ని తెల్లబోయింది. "ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే. నాసిరకం గుడ్డయితే ముడుచుకుపోతుంది. అచ్చంగా ఇస్త్రీ పెట్టె ముక్కులా అచ్చు పడుతుందా? నేనేం కళ్లు లేనిదాన్ననుకున్నావా?"

"మరి అత్తయ్యతో అనలేదేం?"

"అంటే ఆవిడ తిన్నగా వెళ్లి నీ దుకాణం ముందు నిలబడేది. పెట్టి అప్పటికి రెండు నెలలే. ఎందుకులే, నాలుగు తిట్లే కదా అని పడ్డాను." పెద్దక్క ఇటు తిరిగింది. "గౌనుకు కాదు నాకు బాధేసింది. పిసినారిననీ, కన్నపిల్ల దగ్గర కూడా చెయ్యి రాదనీ చాటావు చూడు, దానికి."

పిన్ని తల ఎత్తలేదు. "తప్పయిపోయింది అక్కా. ఎవరెవరితో అన్నానో అందరికీ నేనే చెప్పుకుంటాను."

"ముందు లోపల అత్తయ్యకు చెప్పు. కాస్త గట్టిగా చెప్పాలి. ఈమధ్య వినపడటం లేదు."

పిన్ని లోపలికి వెళ్లింది. మంచం పక్కన కూర్చుని, "అప్పటి గౌను నేనే కాల్చాను అత్తయ్యా" అంది. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. పిన్ని గొంతు పెంచింది. మూడోసారికి పక్కింటి కిటికీ తెరుచుకుంది. నాలుగోసారికి ఎదురింట్లో ఎవరో అరుగు మీదికొచ్చి నిలబడ్డారు. "గౌను నేనే కాల్చాను, అక్క తప్పేం లేదు, గుడ్డ మంచిదే" అని పిన్ని వీధి మొత్తానికీ వినపడేలా చెప్పింది.

అత్తగారు అంతా విని, కాసేపు ఆలోచించి, "ఏ గౌను?" అంది.

నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లాను. పెద్దక్క పెదవులు కూడా బిగబట్టుకునే ఉన్నాయి. పిన్ని చెమటలు తుడుచుకుంటూ వచ్చేసరికి ఆవిడ తీగ మీంచి ఒక దుప్పటి లాగి రెండు కొసలు అందించింది.

"పట్టుకో."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దుప్పటి సాగదీశారు, మడిచారు, దగ్గరికి నడిచి కొసలు కలిపారు. నాకెవరూ ఏ కొసా ఇవ్వలేదు. మెట్ల మీద కూర్చున్నాను.

"ఇంకా కోపముందా అక్కా?"

"ఉంది. దుప్పట్లూ ఇంకా ఐదున్నాయి. అయ్యేలోగా చూద్దాం. ఇంత ఇస్త్రీ దుకాణం నడుపుతూ కొసలు అలాగేనా పట్టుకోవడం?"

నాలుగు దుప్పట్లు మడతపడ్డాయి. ఐదోది మడిచి పెద్దక్క చేతికి ఇచ్చి వెనక్కి జరిగాక పిన్నికి ఏడుపొచ్చింది. పెద్దక్క దుప్పటి గుండెకు పట్టుకుని అలాగే నాలుగడుగులు ముందుకు నడిచింది. కొసలు కలపడానికి వస్తోందనుకున్నాను. కానీ ఆ మడత అప్పటికే అయిపోయింది.