కోత పండుగకి వెళ్ళిన నా కంప్యూటరు

ఆ రోజుల్లో నేను ఎవరింటికి వెళ్ళినా, వాళ్ళు మంచినీళ్ళు అందించేలోపే వాళ్ళ కంప్యూటరులో ఏ సిస్టం ఉందో అడిగేవాణ్ణి. వాళ్ళకి తెలియకపోతే చెప్పేవాణ్ణి. తెలిస్తే ఇంకా ఎక్కువ చెప్పేవాణ్ణి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, నరసాపురంలో ఒక నెట్ సెంటరులో కూర్చుంటున్న కాలం అది. లోకమంతా ఒకే రకం సిస్టం వాడుతూ ఉంటే, లైనక్స్ అనే వేరే సిస్టం ఒకటి ఉందని, అది ఉచితమని, దానికి వైరస్ భయం లేదని మా జిల్లాలో నాకొక్కడికే తెలిసినట్టు తిరిగేవాణ్ణి. ఒకసారి బస్సులో పక్కాయన తన కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని పొరపాటున అన్నాడు. ఆయన దిగవలసిన ఊరు దాటిపోయాక గానీ నేను ఆపలేదు. ఆయన దిగి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. (ఈ ముక్కలు చదువుతున్నవాళ్ళలో ఆయన ఉంటే, అయ్యా, క్షమించండి.) మా బాబాయి నాకు పెంగ్విన్ పాస్టరని పేరు పెట్టాడు. లైనక్స్ గుర్తు పెంగ్విన్ కదా. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

ఆ సిస్టం నడిచే కంప్యూటరు కూడా నేనే కట్టుకున్నాను. మదర్‌బోర్డు రాజమండ్రి నుంచి తెచ్చాను. రైల్లో ఎవరైనా పక్కన కూర్చుంటే దాన్ని పసిపిల్లలా ఒళ్ళో ఇటునుంచి అటు మార్చుకుంటూ వచ్చాను. మిగతా సామాను నెట్ సెంటరులో పాడైపోయిన వాటిలోంచి ఏరుకున్నదే. డబ్బా ఒక కంపెనీది, దాని పక్క మూత ఇంకో కంపెనీది కావడంతో మూత ఎప్పటికీ పట్టలేదు. లోపలి వైర్లన్నీ బయటికి కనబడుతూ ఉండేవి. "అది అలా ఉంటేనే గాలి ఆడుతుంది" అని ఇంట్లో చెప్పాను. మా నాన్న దాన్ని కాసేపు చూసి, "అందరూ వాడేది నీకెందుకు పడదురా?" అని మాత్రం అడిగారు. నేను స్వేచ్ఛ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కాలవ ఆఫీసులో గుమాస్తా. తెలియని విషయం వింటూ వింటూ చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయే విద్య ఆయనకి బాగా వచ్చు.

మా అమ్మ మాత్రం ఆ కంప్యూటరుని ఏమీ అనలేదు. దానికి ఒక కారణం ఉంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ అమ్మ మా చర్చి క్వయరులో పాడుతోంది, కానీ ఎప్పుడూ రెండో వరసలో, కిటికీ పక్కన, అందరికంటే చివర. ముందు వరస మా మేనత్తది. అత్త గొంతెత్తితే కాలవ అవతల రేవులో బట్టలుతికేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. ఒంటరిగా పాడవలసిన పాటలన్నీ ఆవిడవే. అలాంటిది ఆ ఏడు అత్త గొంతుకి చిన్న ఆపరేషన్ జరిగి, డాక్టరు కొన్నాళ్ళు పాడటమే కాదు, మాట్లాడటం కూడా వద్దన్నాడు. కోత పండుగ దగ్గరికొచ్చేసింది. ఎవరు పాడతారని మా పాస్టరు అయ్యగారు అడిగితే, అత్త చెయ్యెత్తి మా అమ్మని చూపించింది.

"నా వల్ల కాదు వదినా, నా గొంతెంత!" అంది అమ్మ. అత్త తల అడ్డంగా ఊపి, మళ్ళీ అమ్మనే చూపించింది. మాట్లాడలేని మనిషితో వాదించడం ఎవరి వల్లా కాదు.

అమ్మకి పాట రాదని కాదు. ఎత్తుకోవడం రాదు. మొదటి స్వరం ఎవరైనా అందిస్తే చివరిదాకా ఎక్కడా తొణక్కుండా తీసుకుపోతుంది. అందించకపోతే నోరే తెరవదు. అందుకని పాట వెనక వాయిద్యాలు మాత్రం ఉండే ట్రాక్ ఒకటి సంపాదించి నా కంప్యూటరులో పెట్టాను. రోజూ మధ్యాహ్నం అమ్మ దాని పక్కన కూర్చుని లేసు అల్లుతూ పాడుకునేది. ఆ నెలలో అల్లిన లేసంతా ఆ పాట తాళానికే నడిచింది. ఒకరోజు అల్లిక ఆపి, "నువ్వు ట్రాక్ సరిగ్గా పెట్టరా నాన్నా. మిగతాది నేను చూసుకుంటాను. ఇన్నేళ్ళకి ఒక్కసారి కదా" అంది. ఆ ఆఖరి మాట నేను సరిగ్గా వినలేదు. ఆ వేళ నేను స్క్రీన్ మీద గడియారం బొమ్మ మారుస్తున్నాను.

నిజానికి చర్చిలో కంప్యూటరు ఉంది. పాత సిస్టమే అయినా ప్రతి ఆదివారం గోడ మీద పాటలు చూపిస్తూ, ట్రాకులు వినిపిస్తూ బాగానే పనిచేస్తోంది. అదే నాకు కంటగింపు. కమిటీ దగ్గరికెళ్ళి, అది ఏ క్షణమైనా ఆగిపోతుందని, పండుగ రోజు పరువు పోతుందని భయపెట్టాను. అయ్యగారు నెమ్మదస్తులు. "నీదైతే ఆగదా బాబూ?" అన్నారు. "ఆగే ప్రశ్నే లేదండి" అన్నాను. ఆ ఒక్క ముక్క గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తల దించుకుంటాను.

శనివారం నా డబ్బాని ఆటోలో తీసుకెళ్ళి పరీక్షించాను. పెద్ద స్పీకర్లు కలిపాను. పాట మారుమోగింది. ప్రొజెక్టరు కూడా కలిపి చూద్దామంటే సెక్రటరీగారు ఒప్పుకోలేదు. "అనవసరంగా వేస్తే దాని లాంపు అరిగిపోతుందండి. రేపు వేస్తాం కదా" అన్నారు. ఆయన ఆ ప్రొజెక్టరుని అలాగే కాపాడుకొస్తున్నారు. ఆదివారం కూడా ప్రసంగం మొదలవగానే ఆర్పేస్తారు. సరేనన్నాను. బొమ్మే కదా, వైరు తగిలిస్తే వస్తుందనుకున్నాను.

కోత పండుగ నాడు మా చర్చి సంతలా ఉంటుంది. ఎవరి పంట వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, ధాన్యం బస్తాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. పొలం లేనివాళ్ళు చేతిపని తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. నా మూత లేని కంప్యూటరు ఒక బూడిద గుమ్మడికాయకీ రెండు కోళ్ళకీ మధ్య కుదిరింది. ప్రొజెక్టరు పైన ఇనపకడ్డీకి వేలాడుతోంది. సరిగ్గా దాని కింద అమ్మ వచ్చి నిలబడింది. తెల్ల చీర, అంచుకి తను అల్లిన లేసు. నా వైపు చూసి తలూపింది. నేను వైరు తగిలించాను. గోడ మీద పాట కనబడింది. ట్రాక్ నొక్కాను.

స్క్రీన్ మీద ట్రాక్ నడుస్తున్నట్టు గీత కదులుతోంది. స్పీకర్లలోంచి ఏమీ రావడం లేదు.

సౌండు పెంచాను. చివరిదాకా పెంచాను. స్పీకర్ల వైరు పీకి మళ్ళీ గుచ్చాను. అమ్మ తల కొంచెం పక్కకి వంచింది, పైకి చూసింది, తర్వాత నా వైపు తిరిగి చూపుడు వేలు పైకెత్తి చూపించింది. దేవుడున్నాడు, కంగారు పడకు అంటోందనుకున్నాను. ఈ సమయంలో భక్తేంటమ్మా అని లోపల విసుక్కున్నాను కూడా. అలా అనుకున్నది నేనొక్కణ్ణే కాదు. మూడో వరసలో ఒక ముసలమ్మగారు ఆ వేలుని చూసి "స్తోత్రం!" అంటూ రెండు చేతులూ ఎత్తేసింది. ఆవిణ్ణి చూసి వెనకవాళ్ళూ ఎత్తారు. అమ్మ మరింత గట్టిగా వేలు ఊపింది. స్తోత్రాలు మరింత గట్టిగా వచ్చాయి.

నేను ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచాను. అది గోడ మీద కూడా తెరుచుకుందని గుర్తులేదు. సంఘమంతా పాట బదులు నల్లటి గోడనీ, దాని మీద పాకుతున్న తెల్లటి అక్షరాల్నీ చూశారు. "ఇదే భాష?" అని ఎవరో అడిగితే, "బైబిలు భాష, హెబ్రీ అయ్యుంటుంది" అని ఇంకెవరో గౌరవంగా చెప్పారు. సిస్టం పాస్‌వర్డు అడిగింది. లైనక్స్‌లో పాస్‌వర్డు కొడుతుంటే చుక్కలు కూడా పడవు, తెర అలాగే ఉంటుంది. వెనక నుంచి మా బాబాయి, "ఏం పడట్లేదురా, గట్టిగా నొక్కు!" అని అరిచాడు. నేను నిజంగానే గట్టిగా నొక్కాను. తప్పని వచ్చింది. సంఘం మొత్తం ముందు, గోడంత అక్షరాలతో.

అయ్యగారు నన్ను రక్షించడానికి "ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన పంటల కోసం, కాలవల కోసం, చివరికి "నీ బిడ్డ చేతిలోని ఆ యంత్రం" కోసం ప్రార్థించారు. ఆమెన్ అనగానే ట్రాక్ ఇంకోసారి మొదటి నుంచి నొక్కి చూశాను, స్పీకర్లు పలకలేదు. ఆ నిశ్శబ్దంలో అమ్మ పాట ఎత్తుకుంది.

సన్నగా మొదలైంది గానీ తొణకలేదు. తాళం తప్పలేదు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ అందుకోవాలో అక్కడ అందుకుంది. ఎత్తుకోవడం రాని మా అమ్మ, ఏ వాయిద్యం లేకుండా. జనం కళ్ళు తెరిచి చూస్తున్నారు. నేను సంతోషించాలి కదా? నాకు అవమానంగా అనిపించింది. నా కంప్యూటరు లేకుండానే పాట సాగిపోతే ఇక నా మాటకి విలువేముంటుంది? ఇంకా తొందరగా టైపు చేశాను. అమ్మ రెండో చరణంలో ఉండగా సౌండుని పెద్ద స్పీకర్ల వైపు మళ్ళించే ఆదేశం నాకు చిక్కింది. ఆనందంతో ట్రాక్ మళ్ళీ మొదటి నుంచి నొక్కాను.

చివరిదాకా పెంచి ఉంచిన సౌండు ఒక్కసారిగా వచ్చి పడింది. తబలా పిడుగులా పేలింది. కోళ్ళు రెండూ కట్లతోనే ఎగిరి ఒకటి గుమ్మడికాయ మీద, ఒకటి నా కీబోర్డు మీద పడ్డాయి. అమ్మ ఆగిపోయింది.

మా అత్త లేచింది. నా వైపు చూడకుండా నేరుగా నడిచొచ్చి స్విచ్ బోర్డులోంచి ప్లగ్గు పీకేసింది. అమ్మ దగ్గరికెళ్ళి పక్కన నిలబడింది. తర్వాత, డాక్టరు వద్దన్న గొంతుతో, ఒకే ఒక్క "ఊఁ" అంది. బొంగురుగా, చిన్నగా, కానీ సరైన స్వరం. అమ్మ దాన్ని అందుకుని ఆగిన చోటి నుంచి చివరిదాకా పాడింది. పాట అయ్యాక ఎవరూ స్తోత్రం అనలేదు.

బయట మెట్ల దగ్గర అమ్మ ముందు నిలబడ్డాను. "నీకు ట్రాక్ లేకుండా ఎలా వచ్చిందమ్మా?" అన్నాను.

"లేకపోవడమేంట్రా? వస్తూనే ఉంది. నా నెత్తి మీద ఆ డబ్బాలోంచి, దోమ పాడినట్టు. నీకు చూపించాను కదా!"

వైరు తగిలించగానే సౌండు కూడా బొమ్మతో పాటు ప్రొజెక్టరులోకి వెళ్ళిపోయింది. దానిలో వేలెడంత స్పీకరు ఒకటి ఉందని నాకు తెలియదు. "నువ్వు దేవుణ్ణి చూపిస్తున్నావనుకున్నాను" అన్నాను. అమ్మ నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక మెట్టు మీద కూర్చుండిపోయింది. "దేవుణ్ణి చూపించడానికి వేలెందుకురా!"

ఈలోగా వేలం మొదలైంది. వేలం వేసేది మా బాబాయే. గుమ్మడికాయ అయ్యాక నా కంప్యూటరు మీద చెయ్యి వేశాడు. "ఇదిగోనండి, మూత లేని కంప్యూటరు! గుడ్లు పెట్టదు, కూరకి పనికిరాదు, అవసరానికి పాడదు. ఎవరిక్కావాలండీ?" అందరూ నవ్వారు. "సొరకాయ ఇస్తా!" అన్నారెవరో. నేను నేలలోకి దిగిపోవడానికి చోటు వెతుక్కుంటుంటే, వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. ఆ రోజు ఆ గొంతు ఎంత దూరమైనా వెళ్ళేలా ఉంది. "నాకు కావాలి" అంది. తన చిన్న పర్సు తీసుకెళ్ళి బాబాయి చేతిలో అలాగే పెట్టేసింది. "ఇక ఇది నాది. వాడికి కావాలంటే నన్నడగాలి."

అడిగాను. చాలాకాలం అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. వాళ్ళు ఏ సిస్టం ఇస్తే అది వాడుతున్నాను, ఎవరినీ ఏమీ అడగను. అమ్మ కంప్యూటరులో మాత్రం ఈరోజుకీ లైనక్సే. లోపలి సామాను ఒక్కొక్కటే మారింది. మూత మాత్రం రాలేదు, దాని బదులు లేసు గుడ్డ కప్పి ఉంటుంది. మా బాబాయి కొడుకు అందరూ వాడేది వేసిస్తానంటే, "వద్దు, నాకిది అలవాటైపోయింది" అందట. చుక్కలు పడని పాస్‌వర్డు అమ్మ ఒక్కసారి కూడా తప్పు కొట్టదు. క్వయరులో ఆవిడా అత్తా ఇప్పుడు ముందు వరసలోనే, పక్కపక్కన.

మొన్న ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు, పాటల అక్షరాలు పెద్దగా కనబడతాయని గోడకి బిగించిన కొత్త టీవీని ఆ కంప్యూటరుకి కలిపాను. పాట పెట్టాను. స్పీకర్లలోంచి ఏమీ రాలేదు. నేను వంగి నల్ల కిటికీ తెరిచి టైపు చేయడం మొదలుపెట్టాను. కాసేపటికి తిరిగి చూస్తే అమ్మ కుర్చీలో కూర్చుని, లేసు ఒళ్ళో పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ చూపుడు వేలు పైకెత్తి ఉంది.

ఈసారి పైకి చూశాను. టీవీలోంచి, దోమ పాడినట్టు, పాట ఎప్పుడో మొదలైపోయింది.