మిరపకాయల కొంగ

కింది ఇంట్లో ఎవరో ఎండుమిర్చి వేయిస్తున్నారు. దగ్గుతూ కిటికీ మూశాను గానీ, నవ్వు మాత్రం ఆగలేదు. ఆ ఘాటు తగిలితే నాకు వసుంధర మేడం గుర్తొస్తారు.

ఆవిడ హైదరాబాదులో టూత్‌పేస్టు ప్రకటనలకు నవ్వే పళ్లు గీసి గీసి విసిగిపోయి, ఉద్యోగం మానేసి నరసరావుపేట వచ్చేశారు. ఇక్కడ సొంతంగా యానిమేషన్ సినిమాలు మొదలుపెట్టారు. చింతగింజల్ని కాస్త జరపడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం. ఆ ఫొటోలన్నీ వరసగా తిప్పితే గింజలు నడిచేవి. నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే, కెమెరా పని. చింతగింజల సినిమా చూడ్డానికి నేనూ, వాళ్లమ్మగారూ తప్ప ఎవరూ రాలేదు. అమ్మగారు మధ్యలోనే నిద్రపోయారు. మెలకువగా ఉన్నప్పుడు బాగానే చూసిందని మేడం సంతోషపడ్డారు.

తర్వాత ఆవిడ మనసు మిరపకాయల మీదికి మళ్లింది. ఈపూరు దగ్గర కోటయ్య బాబాయ్ అనే రైతు కల్లంలో, ఎండబోసిన కాయలతోనే ఒక కొంగను చేసి ఎగిరించాలన్నారు. నిచ్చెన మీద కెమెరాతో నేను, కింద తుమ్ముతూ ఆవిడ. తుమ్మినప్పుడల్లా చెయ్యి అదిరి కొంగ రెక్క వంకరపోయేది. ఈమెకేమన్నా గాలి సోకిందా అని బాబాయ్ నన్ను పక్కకు పిలిచి అడిగారు. కొద్దిరోజులు పోయాక ఆయనే వచ్చి నిలబడి, "మెడ ఇంకాస్త సాగదియ్యమ్మా. మా చెరువు కొంగలు ఇట్టా ఉండవు" అనసాగారు.

కొంగ నేల వదలాల్సిన రోజున మబ్బు పట్టింది. కాయ తడిస్తే ఆ ఏటి కష్టమంతా పోయినట్టే. ఇంటిల్లిపాదీ గోతాలతో పరిగెత్తుకొచ్చారు గానీ, కొంగను చూసి బాబాయ్‌కి చెయ్యి రాలేదు. "ఇంకా చానాసేపు పట్టుద్దా అమ్మా?" అన్నారు మొహమాటంగా.

మేడం చున్నీ నడుముకు బిగించి, కొంగ మెడలోంచే మొదటి చేటెడు కాయలు ఎత్తారు. "ముందు కాయలు కానివ్వండి బాబాయ్. కొంగదేముంది."

నేనూ నిచ్చెన దిగి గోతాం పట్టాను. దానంతటదే ఫొటోలు తీసేలా పెట్టిన కెమెరా పైన తీస్తూనే ఉంది.

ఆ సినిమాను వాళ్ల ఊళ్లోనే గోడకు దుప్పటి కట్టి వేశాం. కొంగ మెడ సాచింది, రెక్క విప్పింది. అంతలో నలువైపుల నుంచి చేతులొచ్చి దాన్ని గోతాల్లోకి ఎత్తేశాయి. ఖాళీ కల్లం మీద చినుకులు పడ్డాయి. కొంగ ఎగరనే లేదేందని ఎవరో గొణిగారు. బాబాయ్ భార్య ఆదెమ్మ పిన్ని వెనక్కి తిరిగి, "ఎగిరిపోతే మేమేం తినాల?" అంది.

తర్వాత నగరంలో ఒక ఫిల్మోత్సవంలో ఆ ముగింపు వెనక లోతైన ఆలోచన ఏమిటని అడిగారట. వాన అని మేడం చెప్తే, ఎవరూ నమ్మలేదట.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు షాట్ పాడైందని బిక్కమొహాలతో వస్తే, చెరిపేయమనను. కూర్చుని చివరిదాకా చూస్తాను. మేడం పోయేనాటికి ఒక సినిమా సగంలో ఉంది. పూర్తి చేయమని చాలామంది అడిగారు. నేను చేయలేదు. అడిగినవాళ్లను కూర్చోబెట్టి, ఉన్నంతవరకు వేసి చూపిస్తున్నాను.