పొద్దున్నే చూడాల్సిన బండి

“బండి లేచిందా?” దవాఖానా మంచం మీద పడుకునే అడిగాడు మా ఆయన.

“ముందుగాల నువ్వు లే. నిన్ను జూసి సిగ్గుపడి అదే లేస్తది.”

మూతి ముడవబోయి నవ్వాడు. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. మొగుడూ పెళ్లాలు చివరగా మాట్లాడుకున్నది పాత కారు గురించా అని నా కోడలు ముక్కు మీద వేలేసుకుంది. ఏం చేయను, ఆ కారు వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో వేరే మాట ఉంటే కదా!

ఎడ్లు కొనడంలో ఆయన గట్టివాడు. తెల్లవారకముందే అమ్మేవాడి కొట్టం దగ్గర నిలబడేవాడు. కుంటి ఎద్దును కాసేపు నడిపించి, ఒళ్లు వేడెక్కాక చూపిస్తే కుంటు కనపడదట. లేచి వేసే మొదటి అడుగే నిజం చెబుతుందట. అంత తెలిసిన మనిషి, కారుకు మాత్రం మంచి ఘడియ చూసుకుని మిట్టమధ్యాహ్నం కొత్తగూడెం వెళ్లాడు. అప్పటికే ఇంజను వేడిగా ఉంది. తాళం తిప్పగానే గుర్రుమంది. సీట్లకు కొత్త తొడుగులు, లోపల అగరుబత్తి వాసన. టెంకాయ కొట్టి తెచ్చేశాడు.

మర్నాడు పొద్దున అది లేవలేదు. వాడంతా వచ్చి తోసింది.

“ఎద్దునైతే తోకన్న మెలేసేటోణ్ణి,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

“మెలెయ్యి. పొగ గొట్టం ఎనకనే ఉంది గదా!”

తర్వాత ఒకరోజు కాళ్ల కింది పట్టా ఎత్తితే గోదారి ఒండ్రు. వరదలో మునిగి లేచిన బండి అది. అగరుబత్తి ఎందుకు వెలిగించారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా కోడలు పాత కారు కొంటానంటోంది. ములకలపల్లి దవాఖానాలో నర్సు. వానాకాలంలో కూడా అడవి దారిన ఒక్కతే పోవాలి. నడుమ బండి ఆగితే ఫోను కూడా కలవదు. అందుకే ఇదంతా ఆ పిల్ల చేతే రాయిస్తున్నాను. తనేమో రేపు చూడబోయే కారు ఎరుపును ఫోన్లో చూసే మురిసిపోతోంది.

“అత్తమ్మా, కారు అమ్మేటాయన పదింటికి రమ్మన్నడు.”

“పదింటికి గాదు, పొద్దు పొడవకముందే పోదాం. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, సల్లగుంటేనే తాళం తిప్పు. పట్టా ఎత్తు. అగరుబత్తి గుప్పుమన్నదా, దండం పెట్టి ఎనక్కొచ్చెయ్.”

నవ్వుతోంది గానీ, రాసిందో లేదో.

ఏదీ, మొదటి నుంచి చదువు బిడ్డా. ఎరుపు చూసి మురిసిపోతున్నవని నేనన్న మాట మింగకుండా చదువు.