ప్లస్సు వైరు మీద బొట్టు

నాకు కోపం ఎక్కువని మా పుట్టింటివాళ్లు ముందే చెప్పి పెళ్లి చేశారు. మా ఆయనకి అసలు లేదు. ఇద్దరికీ కలిపి సరిపోతుందిలే అని మా అత్తగారు నవ్వేవారు.

అరవైల చివర్లో నూజివీడులో మాకు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. ముందు గదిలో కొట్టు, వెనక కాపురం. కరెంటుని నమ్ముకుంటే పని సాగదని సోల్డరింగ్ ఐరన్ కుంపట్లోనే కాల్చేవాళ్లం. కుంపటి రాజేయడం నా పని, టంకం పెట్టడం ఆయన పని.

ఆ ఏడు మామిడికాయ కోతకి రాబోతుండగా ఒక షావుకారు తన ట్రాన్సిస్టరు తెచ్చాడు. రెడ్డిగూడెం వైపు తోటల్ని పూత మీదే కొనేసే మనిషి. లోపల బ్యాటరీ కారి, దాన్ని తగిలించే కనెక్టరు కుళ్లిపోయింది. బోర్డు నుంచి వచ్చే వైర్లు రెండూ చిలుము పట్టి ఒక్కలాగే ఉన్నాయి. పాత కనెక్టరు ఊడదీసే ముందు మా ఆయన ప్లస్సు వైరుకి కాస్త కుంకుమ అద్దాడు. ఏ సెట్టుకైనా ఆయన గుర్తు అదే. కొత్త కనెక్టరు బెజవాడ నుంచి రావాలి.

ఈలోగా తొలికోత వచ్చింది. ఆ పొద్దున షావుకారింట్లో కాయలు కోసే చిక్కాలు, కత్తులు, కాటాలు, బండి చక్రాలు అన్నీ తడిగుడ్డతో తుడిచి బొట్లు పెడతారు. పూజలో తన ట్రాన్సిస్టరు కూడా ఉండాలని షావుకారు విప్పిన సెట్టు విప్పినట్టే పట్టుకుపోయాడు. పూజయ్యాక తిరిగి పంపాడు. కనెక్టరు రాగానే మా ఆయన బొట్టున్న వైరుని ప్లస్సుకి అతికించాడు. కొత్త బ్యాటరీ షావుకారింట్లోనే ఉంది, పరీక్షించడానికి లేదు. షావుకారు మనిషి తొందరపెట్టి సెట్టు తీసుకెళ్లిపోయాడు.

గంట తిరక్కుండా షావుకారు ఇద్దరు మనుషులతో, సెట్టు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే మా ఆయన్ని లాగి చెంప మీద కొట్టాడు.

"నలుగుర్నీ పిలిచి పెడితే పొగొచ్చిందిరా! నా పరువు తీస్తావా?"

రెండో దెబ్బకి పెదవి చిట్లింది. చొక్కా మీద నెత్తురు కారుతున్నా ఆయన "ఒక్కసారి విప్పి చూస్తానండీ" అంటూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆయన సెట్టు విప్పాడు. ప్లస్సూ మైనస్సూ తారుమారై కనెక్టరు తిరగబడి ఉంది. బొట్టు చూశాను. కుంకుమ కింద పసుపు ఉంది.

"మా ఆయన పసుపు పెట్టడండీ. ఈ బొట్టు మీ ఇంట్లో పెట్టిందే. ఆయన పెట్టింది ఎవరో తుడిచేసి, రెండో వైరుకి పెట్టారు. కావాలంటే చూసుకోండి" అన్నాను.

షావుకారు వెనకున్న మనిషే పాపం, ఉన్నమాట అనేశాడు. "అవునండీ, పెద్దమ్మగారే అన్నీ తుడిచి బొట్లు పెట్టారండీ."

అక్కడితో అయిపోతుందనుకున్నాను. నిజం తేలితే మనుషులు తగ్గుతారని ఆ వయసులో నాకో నమ్మకం. షావుకారు మొహం జేవురించింది.

"మా అమ్మనంటావటే? పూజ చేసిన చేతినంటావటే?"

మా ఆయన కుడిచెయ్యి బల్లకేసి అదిమిపట్టి, మా సుత్తే అందుకున్నాడు. బొటనవేలి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మళ్లీ ఎత్తాడు.

కుంపట్లో ఐరన్ ఎర్రగా ఉంది. తీసి షావుకారు మణికట్టు మీద పెట్టి నొక్కాను. చర్మం చుయ్యిమంది. సుత్తి జారిపడింది. అరుస్తూ నన్ను కాలితో తన్నాడు. పడి లేచి మళ్లీ పెట్టబోయాను. వెంట వచ్చిన మనుషులే షావుకారుని వీధిలోకి లాక్కుపోయారు.

తరవాత పెద్దమనుషులు వచ్చారు. ఆడదానివి, అంత పని చేయొచ్చా అన్నారు. చేశానండీ అన్నాను.

ఆ వేలు మళ్లీ వంగలేదు. ఐరన్ పట్టుకుంటే జారేది. కొన్నాళ్లు ఎడమచేత్తో ప్రయత్నించి, ఒకరోజు పనిముట్లన్నీ గోనెసంచిలో మూటకట్టి అటకమీద పెట్టేశాడు. జి. కొండూరు దగ్గర తోటలో కాపలా పని ఒప్పుకున్నాడు. ఒక్కమాట అనలేదు, ఎవర్నీ.

నేను అంటాను. ఆ రోజు పసుపూ కుంకుమా అని వివరంగా చెబుతూ కూర్చున్నాను చూడండి, ఆ మాటల బదులు ఐరనే ముందు తీసి ఉంటే, ఆయన వేలు బాగుండేది.