ఒక్కసారే అడిగింది

మరిడమ్మ ఇంటికి భోజనానికి వెళ్లినవాళ్లు పొరపాటున కూడా వద్దని అనకూడదు. అన్నారా, ఆ ఆకులోనే ముందు కూర పడుతుంది. "ఆళ్లు మొగమాటానికి అంతారు, మనం ఎయ్యాల" అనేది ఆవిడ సిద్ధాంతం. మలేషియాలో కౌలా సెలంగోర్ దగ్గర, రబ్బరు ఎస్టేటు కూలీల ఇళ్ల లైన్లలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ రెండుసార్లు కాదనడం మర్యాద, మూడోసారి అడగడం అంతకంటే మర్యాద.

భర్త పోయాక క్లాంగ్‌లో కూతురు సుగంధి దగ్గరికి చేరింది. ఊరికే కూర్చుంటే కాళ్లూ చేతులూ ఊరుకోవు కనక, రోజూ రైలెక్కి కౌలాలంపూర్ వెళ్లి తెల్లవాళ్ల ఇళ్లలో వంట చేసి, ఇల్లు సర్ది రావడం మొదలుపెట్టింది. మొదట దొరికింది డోనా అనే అమెరికావిడ. పదకొండేళ్లు అక్కడే చేసింది.

డోనా బూట్లతోనే సోఫా దాకా నడిచొచ్చేది. ఆవిడ నవ్వితే లిఫ్టు దాకా వినపడేది. కూర బాగుంటే ఆకాశానికెత్తేది, బాగుండకపోతే ఆ మాటా అప్పుడే అనేసేది. ఒకరోజు మరిడమ్మ బొప్పాయి ముక్కలు పట్టుకుని మూడోసారి ఎదురుగా నిలబడితే, డోనా ఆవిణ్ణి కూర్చోబెట్టి చెప్పింది. "నేను వద్దన్నానంటే వద్దనే. నా మాట నమ్మకపోతే నాకు అవమానంగా ఉంటుంది." మరిడమ్మ ఆ పూట మొహం మాడ్చుకుంది గానీ నేర్చుకుంది. పోనుపోను అది ఎంత హాయో కూడా తెలిసింది. అవునంటే అవును, కాదంటే కాదు, ఎదుటి మనిషి మనసులో వెతుక్కునే పనే లేదు.

డోనా తన దేశం వెళ్లిపోయాక అదే భవనంలో ఉండే ఐలీన్ పిలిచి పని ఇచ్చింది. డెబ్భై నాలుగేళ్ల కెనడా ఆవిడ, టీచరు పని చేసి మానేసింది, ఒంటరిది. గుమ్మం బయటే చెప్పులు విప్పేది. పాలు పోసిన టీ తాగేది. మరిడమ్మ తుడుపుకర్ర తన కాలికి తగిలితే తనే సారీ చెప్పేది. ఎవరైనా తనను అమెరికా మనిషనుకుంటే మాత్రం, ముందు సారీ చెప్పి మరీ కాదనేది.

"తెల్లోళ్లంతా ఒకటే లా, అమ్మా" అంది సుగంధి ఆ కబుర్లు విని, అక్కడివాళ్ల అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

"ఒకటేటి? ఈవిడ మన సుట్టంలాగుంది. సెప్పులిప్పి లోపలికొత్తాది" అంది మరిడమ్మ.

ఇంత కనిపెట్టిన మనిషి, ఆ చుట్టరికం మాటల్లో కూడా ఉంటుందని కనిపెట్టలేకపోయింది. అదే ఈ కథలో బాధ.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం మరిడమ్మ పని ముగించి సంచీ తీసుకుంటుంటే, ఐలీన్ కుర్చీలో కూర్చుని దవడ రుద్దుకుంటోంది. ఏసీ గదిలో నుదుటి మీద చెమట.

"మేడమ్, డాక్టరుకి ఫోన్ చెయ్యనా?" అని తనకొచ్చిన ఇంగ్లిషులో అడిగింది మరిడమ్మ.

"వద్దు వద్దు, బాగానే ఉన్నాను. సారీ, నా వల్ల నీకు రైలు తప్పిపోతుంది."

మరిడమ్మ గుమ్మం దగ్గర ఆగింది. ఇంకోసారి అడగాలని నోటిదాకా వచ్చింది. తన ఇంట్లో అయితే అడిగేది కూడా కాదు, రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయేది. కానీ వద్దన్నవాళ్లను మళ్లీ అడిగితే వాళ్లకు అవమానమని పదకొండేళ్లు చదువుకున్న చదువు అడ్డొచ్చింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు రైల్లో కూర్చోవడానికి చోటు కూడా దొరికింది.

మర్నాడు పొద్దున తన దగ్గరున్న తాళంతో తలుపు తీసేసరికి ఐలీన్ ఆ కుర్చీలోనే ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. గుండెపోటని, సాయంత్రమే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు.

మరిడమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"నువ్వేటి సేత్తావమ్మా, అడిగినావు కదా" అంది సుగంధి.

"ఒక్కపాలి అడిగినాను. నిన్నయితే ఒక్కపాలి అడిగి ఊరుకుందునా?"



శనివారం ఐలీన్ కూతురు జానెట్ కెనడా నుంచి వచ్చింది. మరిడమ్మ వెళ్లి ఏదీ దాచకుండా అంతా చెప్పింది. దవడ రుద్దుకోవడం, చెమట, తను రైలుకు వెళ్లిపోవడం. చెప్పి, తప్పు నాదేనా అని అడిగింది.

"కాదు కాదు, అలా ఎందుకనుకుంటున్నారు? మీరు ఇలాంటిది చూడాల్సి వచ్చింది, మేమే సారీ చెప్పాలి" అంది జానెట్.

ఈ మాట డోనా అని ఉంటే మరిడమ్మ నమ్మి, గుండె తేలిక చేసుకుని ఇంటికి పోయేది. ఈ ఇంట్లో కాదనడానికి అర్థమేమిటో ఇప్పుడు ఆవిడకు తెలుసు. సంచీ కింద పెట్టి, జానెట్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నిజం చెప్పమ్మా. నా తప్పేనా?"

"లేదండీ. నిజంగానే లేదు."

"నిజం చెప్పేదాకా నేను వెళ్లను."

జానెట్ చేతిలో రుమాలు మడత పెట్టింది, విప్పింది. "అమ్మ దేనికీ మొదటిసారే ఒప్పుకునేది కాదు. మా ఇంట్లో అందరికీ తెలుసు" అంది చివరికి. "మీరు ఇంకోసారి అడిగి ఉంటే, సరేననేదేమో." అన్న వెంటనే తల దించుకుని సారీ అంది.

మూడు రోజులుగా రాని ఏడుపు మరిడమ్మకు అప్పుడు వచ్చింది.