ఎస్సెన్‌లో మా రాస్తారోకో

2011 సెప్టెంబరులో నన్ను జర్మనీలోని ఎస్సెన్ నగరానికి పంపారు. అప్పుడు నేను భూపాలపల్లి బొగ్గుగనిలో అండర్ మేనేజర్‌ని, అంటే మేనేజరు కింద ఒక షిఫ్టు భారం మోసేవాణ్ణి. గని కప్పు కూలకుండా నిలిపే యంత్రాలు ఎస్సెన్‌లోని ఫ్యాక్టరీ గేటు దాటకముందే వాటిని పరీక్షించి సంతకం చేయడం నా పని. నేను విమానం దిగేసరికి మా గనుల్లో తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది.

శనివారం నా భార్య ఫోన్ చేసింది. "సమ్మె తప్పిచ్చుకునేటందుకే జర్మనీ పోయినవని కాలనీల అంటున్రు. బయటికి పోవాలంటే మొఖం చెల్లుతలేదు" అంది. నాకు ఒళ్లు మండింది. ఆర్డరు వచ్చింది సమ్మె మాట పుట్టకముందే. కానీ ఎంతమందికని చెప్పను?

మర్నాడు ఊరు చూపిస్తానని రవి నాయక్ వచ్చాడు. దంతాలపల్లి దగ్గరి తండా వాడు. ఎస్సెన్‌లో చదువుకుంటూ, ఫ్యాక్టరీలో నాకు దుబాసీగా రెండు రోజుల కిందే పరిచయమయ్యాడు. మొదట మూతపడ్డ ఒక బొగ్గుగనికి తీసుకుపోయాడు. మేం జీతమిస్తే తప్ప దిగని గనిని జనం టికెట్టు కొని చూస్తుంటే నాకు నవ్వాగలేదు.

ట్రాములో నా గోడు చెప్పుకున్నాను. రవి, సమ్మెకు మద్దతుగా ఆ మధ్యాహ్నమే రాస్తారోకో పెట్టుకున్నానని, పోలీసులకు ముందే తెలిపానని, వచ్చేది ఇద్దరమని చెప్పానని అన్నాడు. రెండోవాడు రానన్నాడట. ఆ ఖాళీలో నన్ను వేశాడు.

చౌరస్తాలో ఇద్దరు పోలీసులు మాకోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లే అడ్డుకర్రలు పెట్టి కార్లను పక్కవీధికి మళ్లించారు. ఎవరినీ ఆపే పని మాకు మిగల్లేదు. మా ఉద్యమంలోలాగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు చేద్దామంటే మంట కూడదన్నారు. అటుకుల్లో ఉల్లిగడ్డ, కారం కలిపి దాన్నే వంట అనుకున్నాం. ఖాళీ రోడ్డు మీద కూర్చుని నినాదాలిచ్చాం.

"అన్నా, జర గట్టిగ అను. పాపం వాళ్లు మనకోసమే వచ్చిన్రు" అన్నాడు రవి.

పోలీసామె అటుకులు తిని కళ్లు తుడుచుకుంది. మేము చెత్త ఎత్తేదాకా ఉండి, చేతులు కలిపి వెళ్లారు.

పోలీసుల పక్కన మేం కూర్చున్న ఫొటో ఇంటికి పంపాను. పక్కింటి యాదగిరి దాన్ని కాలనీ అంతా చూపించి, "పోలీసోళ్లు నవ్వుకుంట నిలబడితే గది ధర్నా ఎట్లయితది?" అన్నాడట. సమ్మె తప్పించుకున్నది చాలక విహారయాత్ర కూడా చేశానన్న పేరొచ్చింది.

తిరిగొచ్చిన మర్నాడే గని గేటు ముందు కూర్చున్నాను. పోలీసులు ఎత్తి వ్యానులో వేసేటప్పుడు చొక్కా భుజం దాకా చిరిగింది. సాయంత్రం వదిలిపెడితే యాదగిరే ఎదురొచ్చి నన్ను బండి మీద ఇంటికి తెచ్చాడు. నా భార్య ఆ చొక్కాను కుట్టకుండా, ఉతికి వాకిట్లో అందరికీ కనబడేలా ఆరేసింది. మా దగ్గర ధర్నాకు అదే హాజరు పట్టీ అని అప్పుడు నేర్చుకున్నాను.